నూలు ఆగిన ఏడు వెళ్ళిపోయిన పెద్దమ్మ

నాందేడ్ వెళ్ళి వచ్చానంటే అందరూ ముందు గురుద్వారా గురించే అడుగుతున్నారు. చూశాను. దాని సంగతి కూడా చెబుతాను. కానీ నేను బయలుదేరింది దాని కోసం కాదు. యాభై ఎనిమిదేళ్ళ కిందట మా ఇంట్లోంచి వెళ్ళిపోయిన మనిషి ఒకామె ఇంకా బతికే ఉందేమోనని, ఆమెను వెతుక్కుంటూ వెళ్ళాను.

మాది సిరిసిల్ల. నేతపని కుటుంబం. నేను మాత్రం చదువుకుని గుంటూరు చేరి, పాతికేళ్ళుగా కాలేజీలో ప్రపంచ చరిత్ర చెబుతున్నాను. పైకి కనిపించే కారణం వెనక దాగి ఉన్న ఇంకో కారణాన్ని బయటికి లాగి చూపించడం నాకు ఇష్టమైన పాఠం. అమెరికాలో వాళ్ళలో వాళ్ళు యుద్ధం చేసుకుంటే మన దక్కన్ పత్తికి గిరాకీ పెరిగిందనీ, ఆ యుద్ధం ముగియగానే అదే పత్తి రైతు కుదేలయ్యాడనీ చెబితే పిల్లలు రాసుకోవడం ఆపేసి వింటారు. అలాంటి పాఠం మా ఇంట్లోనే ఒకటి ఉందని నాకు యాభై ఏళ్ళు వచ్చేదాకా తెలియలేదు.

రెండువేల ఒకటో సంవత్సరం, జనవరి చివర. మా అన్న రాజేశం ఇంటికి సిరిసిల్ల వెళ్ళాను. ఆయన కొడుకు శ్రీకాంత్‌కు దసరా తర్వాత పెళ్ళయింది. కొత్త కోడలు స్వప్న ఇంట్లో లేదు. షెడ్డులో ఎనిమిది మరమగ్గాలూ ఆగి ఉన్నాయి. ఆ నిశ్శబ్దమే నాకు ముందు తగిలింది. ఆ ఇంట్లో చప్పుడు లేకుండా మాట్లాడుకోవడం నేనెప్పుడూ ఎరగను.

"పిల్ల ఏదీ అన్నా?" అని అడిగితే అన్న మొహం తిప్పుకుని, "కామారెడ్డిల తల్లిగారింటికి పంపినం. అది అడుగుపెట్టిన నెలకే సాంచెలు బందైనయ్. మన నాయినమ్మ ఊకెనే చెప్పేదా, నాందేడ్ దాని అడుగని" అన్నాడు.

నాందేడ్ దాని అడుగు. చిన్నప్పుడు నేనూ ఆ మాట విన్నాను. పాలు విరిగినా, పడుగు తెగినా నాయినమ్మ అనేది. అదేదో సామెత అనుకున్నాను తప్ప, అది ఒక మనిషి అని ఎన్నడూ అనుకోలేదు. అన్నను పట్టుకుని గుచ్చిగుచ్చి అడిగితే చెప్పాడు. మా నాయన అన్న గంగారాం పెళ్ళాం, పేరు నర్సవ్వ. కాపురానికి వచ్చిన నెలకే ఇంట్లో నాలుగు మగ్గాలూ ఆగిపోయాయట. నాయినమ్మ ఆ పిల్లను గడప దాటించింది. పెనిమిటి ఆమె వెంటే నాందేడ్ వెళ్ళిపోయాడు. మళ్ళీ ఎవరూ వాళ్ళ ఊసెత్తలేదు.

"ఏ సంవత్సరం?" అన్నాను.

"రజాకార్ల గడబిడకు నాలుగైదేండ్ల ముందటట."

లెక్క కట్టాను. పెద్ద యుద్ధం నడుస్తున్న రోజులు. నూలు కరువు వచ్చిన రోజులు. మర్నాడే బయలుదేరాను.

దెగ్లూర్: మూడు భాషల దుకాణం

కామారెడ్డిలో బస్సు మారి మద్నూర్ మీదుగా దెగ్లూర్ చేరాను. అక్కడ నాగభూషణం సేఠు అనే బట్టల వ్యాపారి ఉన్నాడనీ, వెనక మన దగ్గర చీరలు కొనేవాడనీ, నాందేడ్‌లో తెలుగు వాళ్ళందరూ ఆయనకు తెలుసనీ అన్న చెప్పాడు.

మహారాష్ట్ర సరిహద్దు దాటానని నాకు తెలిసింది మైలురాళ్ళ మీది అక్షరాలు మారడం వల్లే. మనుషులు మారలేదు. సేఠు దుకాణంలో కూర్చున్న గంటసేపట్లో ఆయన నాతో తెలుగులో, గుమాస్తాతో మరాఠీలో, టైలరుతో దక్కనీ హిందీలో మాట్లాడాడు. ఒక భాషలోంచి ఇంకో భాషలోకి ఆయన ఎక్కడ దాటుతున్నాడో కనిపెడదామని చూశాను. దొరకలేదు. మా కాలేజీలో రెండో భాష మాట్లాడాల్సి వస్తే గొంతు సవరించుకునే మాకు ఇది చూడముచ్చటగా ఉంది.

"మీ పెద్దలు ఆంధ్ర నుంచి ఎప్పుడు వచ్చారు?" అని అడిగాను. ఆయన నవ్వాడు.

"మా తాతలు ఏడికెల్లీ రాలే సార్. గీ గల్లీలనే పుట్టిండ్రు, గీన్నే పోయిండ్రు. రాష్ట్రాలు పంచుకున్ననాడు మేం ఇటు పడ్డం. మా చెల్లె అత్తగారూరు మద్నూర్, అటు పడ్డది. ఆమె పిల్లలు తెలుగు బడికి పోయిండ్రు, నా పిల్లలు మరాఠీ శాళకు పోయిండ్రు."

నర్సవ్వ పేరు చెబితే ఆలోచించాడు. "నర్సవ్వ తెల్వది గని, మిల్లుల పనిచేసిన గంగారాం ఉండె. మంచోడు. పోయిండు పాపం. నాందేడ్‌ల ఇత్వారా దిక్కు అడుగుండ్రి." దుకాణం ముందు పోహా బండి ఉంది. నేను వద్దంటున్నా ప్లేటు తెప్పించాడు. మూడు రూపాయలు. అటుకులను మనం పాలలో నానబెట్టుకుంటాం, లేదా పులిహోర చేస్తాం. వాళ్ళు వేరుశనగ గుళ్ళు, ఉల్లిగడ్డ, పైన పచ్చి కొత్తిమీర, నిమ్మ బద్ద వేసి ఇస్తారు. ఇంటికి వచ్చాక మా ఆవిడ చేత నాలుగుసార్లు చేయించాను. ఆ రుచి రాలేదు.

నాందేడ్: ఇంకో నర్సాబాయి

నాయ్‌గావ్ మీదుగా నాందేడ్ చేరేసరికి సాయంత్రమైంది. ఎనభై రూపాయల లాడ్జి గదిలో సామాను పెట్టి, పొద్దున్నే ఇత్వారా సందుల్లో పడ్డాను.

నర్సవ్వ అంటే ఎవరికీ తెలియదు. ఒక పాలవాడు మాత్రం "నర్సాబాయీ?" అని ఒక తలుపు చూపించాడు. తలుపు తీసినామె డెబ్బై దాటిన మనిషి, నుదుట పెద్ద బొట్టు. నేను ఒక్క క్షణం కూడా ఆగలేదు. "పెద్దమ్మా, నేను సిరిసిల్ల నుంచి..." అంటూ కాళ్ళకు దణ్ణం పెట్టేశాను. కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి. ఆమె నా తల మీద చెయ్యి వేసి, చేయి పట్టుకుని లోపలికి తీసుకుపోయి పీట వేసింది. నేను మాట్లాడబోతే, "ఆధీ జేవా, మగ్ బోలా" అని విస్తరి పెట్టింది. ముందు తిను, తర్వాత మాట్లాడు అని.

జొన్న రొట్టె, శనగపిండితో చేసిన పిఠ్లె, పచ్చిమిరపకాయలు వెల్లుల్లి దంచిన ఠేచా. గుంటూరు వాణ్ణయినా ఆ ఠేచా నన్ను ఏడిపించింది. రెండో రొట్టె సగంలో ఉండగా అర్థమైంది, ఆమెకు తెలుగు ఒక్క ముక్క రాదు. ఆమె మా పెద్దమ్మ కాదు.

నేను సిగ్గుతో చచ్చిపోతూ నా వచ్చీరాని హిందీలో చెప్పుకున్నాను. ఆమె పగలబడి నవ్వింది. ఆకలితో వచ్చిన మనిషి ఎవరి పెద్దమ్మ ఇంటికి వస్తేనేం అన్నట్టు మిగిలిన రొట్టె తినేదాకా వదల్లేదు. తర్వాత చెప్పులు తొడుక్కుని, "తేలుగూ నర్సాబాయీ, మిల్‌వాలీ" అని గొణుక్కుంటూ మూడు సందులు దాటించి నన్ను స్వయంగా తీసుకుపోయింది. వాకిట్లో నిలబడి లోపలికి కేకేసి, నేను ఆమె కాళ్ళకు మొక్కిన సంగతి మొత్తం అభినయించి చూపించింది. అలా నేను మా పెద్దమ్మ ముందుకు వెళ్ళేటప్పటికే ఆ ఇల్లంతా నవ్వుతోంది.

నర్సవ్వ సన్నగా, నిటారుగా ఉంది. పాత చీరలు పొరలుగా పరిచి బొంత కుడుతోంది. ఆ వయసులో సూదిలోకి దారం తనే ఎక్కిస్తోంది.

"ఎవరి కొడుకువు?" అంది.

"రాజారాం కొడుకును. చిన్నవాణ్ణి."

సూది ఆగింది. "రాజారామా? నేనచ్చేటప్పుడు మీసాలు రాని పోరగాడు. మా ఎనుక కామారెడ్డి తొవ్వ దాంక ఉరికచ్చి ఏడ్సిండు." కాసేపు నన్నే చూసింది. "ఉన్నడా?"

"పోయి పదేళ్ళయింది పెద్దమ్మా."

కొంగుతో మొహం తుడుచుకుని, "నీకు ఆంధ్ర మాట పడ్డది బిడ్డా" అంది. తర్వాత బొంత ఇంకో వైపు పరిచి నన్ను కూర్చోబెట్టింది.

ఖాకీ బట్ట

నేను పాఠం చెప్పడానికి వెళ్ళాను. ఆ మాట ఒప్పుకోవాలి. దారంతా మనసులో సిద్ధం చేసుకున్నాను. జపాన్ యుద్ధంలోకి దిగగానే అక్కణ్ణుంచి వచ్చే నూలు ఆగిపోయింది. జర్మనీ రంగులు అంతకు ముందే ఆగాయి. ఇక్కడి మిల్లులు సైన్యానికి బట్ట నేయడంలో మునిగిపోతే చేనేతకు నూలు దొరకలేదు. ఊళ్ళకు ఊళ్ళే మగ్గాలు ఆపుకున్నాయి. అంతే తప్ప పెద్దమ్మా, నీ అడుగు కాదు. ఇలా చెప్పి ఆమె గుండె మీది బరువు దించేద్దామనుకున్నాను. చెప్పాను కూడా. చేతులు తిప్పుతూ, క్లాసులో చెప్పినట్టే.

ఆమె ఓపిగ్గా విని, "అవు, తెలుసు" అంది.

"తెలుసా?"

"కామారెడ్డిల రైలెక్కి గీడికచ్చినం. మీ పెద్దనాయినకు మిల్లుల పని దొరికింది. నాలుగొద్దులకు నన్ను గూడ తీసుకున్నరు, కండెలు చుట్టనీకి. ఆడ సూత్తనా, నూలే నూలు! గుట్టలు! మా ఇంట్ల ఒక్క చిటికెడు లేక మగ్గాలు బందైనయ్, గీడ గింత నూలేందని నాకు పరేషాన్. నేసేదంత ఖాకీ. మా మీది ముకద్దాన్ని అడిగిన, గీ బట్టంత ఎవలు కట్టుకుంటరని. సిపాయిలు, లడాయికి పోతున్నరు, బర్మాకు అన్నడు. బర్మా ఏడుంటది అన్న. సముద్రం అవుతల అన్నడు."

ఆమె సూది మళ్ళీ కదిలింది.

"గా దినమే తెలిసింది నాకు. మా మగ్గాల నూలు బర్మాకు పోయింది. నా అడుగుల ఏం లేదు. ఆయనకు చెప్పిన. ఆయన మీ నాయినమ్మకు కార్డు రాయించిండు. ఒకటి కాదు, మూడు. జవాబు రాలే."

నేను పాతికేళ్ళు పుస్తకాల్లో చదివి చెప్పినదాన్ని ఈమె పదహారేళ్ళ వయసులో, చదువు లేకుండా, చేతిలో కండె పట్టుకుని ఒక్క ప్రశ్నతో కనుక్కుంది. నా పాఠం నాకు చాలా చిన్నదిగా అనిపించింది. అదే సమయంలో ఎందుకో గర్వంగానూ అనిపించింది. ఈమె మా ఇంటి మనిషి.

అయినా నాయినమ్మ నా మీద ప్రాణం పెట్టుకున్న మనిషి. ఆమెను వెనకేసుకు రావాలనిపించింది. "నాయినమ్మకు ఇదేమీ తెలియదు కదా పెద్దమ్మా. యుద్ధం వల్లే కదా అంతా" అన్నాను.

నర్సవ్వ నావంక చూసింది. గొంతు పెంచలేదు.

"లడాయి నూలును ఆపింది బిడ్డా. తలుపు మాత్రం మీ నాయినమ్మనే పెట్టింది." దారం పంటితో తెంపి తనే అంది, "మీ నాయినమ్మ చెడ్డది కాదు. ఇంట్ల పది నోళ్ళు. పొయ్యిల పిల్లి లేస్తలేదు. కోపమచ్చింది. ఎవరి మీద తీసుకోవాలె? జపానోడు దొరుకుతడా? నేను దొరికిన."

గోదావరి ఒడ్డున

మధ్యాహ్నం ఆమే నన్ను గురుద్వారాకు తీసుకుపోయింది. తలకు రుమాలు కట్టుకుని, కాళ్ళు కడుక్కుని లోపలికి వెళ్ళాం. ఆ తెల్లటి గోడల మీద ఎండ పడుతుంటే కళ్ళు చెదిరాయి. పంజాబ్ ఎక్కడ, మన గోదావరి ఎక్కడ. ఢిల్లీ సింహాసనం కోసం పాదుషా కొడుకులు కొట్టుకున్నారు, గెలిచినవాడు దక్కన్ దండయాత్రకు దిగాడు, ఆ దండుతో పాటు సిక్కుల పదో గురువు ఈ ఒడ్డుకు వచ్చాడు, ఇక్కడే కన్నుమూశాడు. ఇక్కణ్ణుంచి ఆయన పంపిన శిష్యుడు వెళ్ళి పంజాబ్ చరిత్రే మార్చాడు. ఇదంతా నేను పరీక్ష పేపర్లలో అడిగే ప్రశ్నే. కానీ అందరికీ ఉచితంగా అన్నం పెట్టే లంగరులో నేల మీద వరసలో కూర్చుని, పక్కన లారీ డ్రైవరు, ఎదురుగా ఎవరో అమృత్‌సర్ కోడలు, రెండు చేతులూ చాచి రొట్టె అందుకుంటే తెలిసింది వేరు. మన దగ్గర గుడి భోజనాల్లో కూడా ఎవరు ఏ పంక్తిలో అని చూసుకునే కళ్ళు ఉంటాయి. ఇక్కడ ఆ కళ్ళు నాకు కనబడలేదు. పప్పులో నెయ్యి వాసన, చేతిలో వేడి వేడి కడా ప్రసాదపు హల్వా.

"మేమచ్చిన తొలి నెల గీన్నే తిన్నం" అంది పెద్దమ్మ. "పేరడగలే, కులమడగలే. ఆయన పని దొరికినంక వద్దన్నా ఇనకుంట ప్రతి ఐతారం అచ్చి గిన్నెలు తోముతుండె."

అప్పుడు ఆమెకు స్వప్న సంగతి చెప్పాను. చెప్పకుండా వచ్చేద్దామని కూడా అనుకున్నాను, ఏ మొహం పెట్టుకుని చెప్పాలో తెలియక. ఆమె తినడం ఆపి మొత్తం విన్నది.

"నువ్వు ఏం చేసినవ్?" అంది.

"నేనా? మిమ్మల్ని చూద్దామని వచ్చాను."

"గా పోరి కామారెడ్డిల ఏడుస్తాంటే నువ్వు దాని ఊరు మీదికెల్లి బస్సుల అచ్చినవ్. దిగలే?"

కామారెడ్డి బస్టాండులో గంటసేపు కూర్చుని టీ తాగాను కూడా.

"రేపు రైలుంది. టికెట్లు తియ్" అంది పెద్దమ్మ.

కామారెడ్డి: తెలిసిన కారణం

యాభై ఎనిమిదేళ్ళ తర్వాత ఆ దారిన వెనక్కి వస్తున్న మనిషి కిటికీ వదల్లేదు. బాసర దగ్గర గోదావరి దాటుతుంటే చేతులు జోడించింది. అప్పట్లో బొగ్గు బండి అనీ, ఇంత జోరు లేదనీ, ఏడుస్తూ ఉంటే పక్కన ఎవరో ముసలమ్మ మొక్కజొన్న పేలాలు పెట్టిందనీ చెప్పింది. ఆ ముసలమ్మ మొహం ఇంకా గుర్తుందట.

స్వప్న వాళ్ళది స్టేషనుకు దగ్గర్లోనే చిన్న ఇల్లు. తల్లిదండ్రులు మమ్మల్ని చూసి కంగారు పడ్డారు. పెద్దమ్మ ఎవరితోనూ ఏమీ అనకుండా పోయి ఆ పిల్ల పక్కన చాప మీద కూర్చుంది. "నా పేరు నర్సవ్వ. నాందేడ్ దాని అడుగంటరే, గది నేనే" అంది. స్వప్న ఆమె మొహం చూసి, ఒడిలో తల పెట్టుకుని ఏడ్చింది. నేను వాకిట్లోకి వచ్చేశాను.

బూత్ నుంచి అన్నకు ఫోన్ చేశాను. పెద్దమ్మ వచ్చిందనీ, రమ్మందనీ చెప్పాను. మర్నాడు పదింటికి అన్న, శ్రీకాంత్ వచ్చారు. అన్న వంగి ఆమె కాళ్ళకు మొక్కాడు. ఆమె దీవించింది. తర్వాత అడిగింది.

"సాంచెలు ఎందుకు బందైనయ్ రాజేశం?"

అన్న తడబడ్డాడు. "నూలు ధర పెరిగింది పెద్దవ్వా. కరెంటు బిల్లు. బట్ట కొనేటోడు లేడు. ఊళ్ళె అందరియి గట్లనే ఉన్నయ్."

"అందరియా?"

"అందరియి."

"అందరిండ్లకు గీ పిల్లనే కోడలుగ పోయిందా?"

అన్న తల వంచుకున్నాడు. నేనూ తల వంచుకున్నాను. దాగి ఉన్న కారణాన్ని బయటపెడితే చాలు, అన్నీ సరిపోతాయని ఇన్నేళ్ళు నమ్మినవాణ్ణి. ఇక్కడ కారణం దాగి లేదు. అన్నకు మొదటి రోజు నుంచీ తెలుసు.

"మీ నాయినమ్మ తెల్వక చేసింది. నువ్వు తెలిసి చేసినవ్" అంది పెద్దమ్మ.

అన్న ఏడవడం నేను అంతకు ముందు చూడలేదు. "ఇంట్ల ఖాళీగ కూసుంటే పిచ్చి లేస్తున్నది పెద్దవ్వా. ఎవరినో ఒకరిని అనకపోతే నేనే పాడైతుంటి" అన్నాడు. తర్వాత స్వప్న వైపు తిరిగి, "తప్పయింది బిడ్డా. ఇంటికి రా" అన్నాడు. ఆ మాటలు ఆయన నోటి నుంచి రావడానికి ఎంత కష్టపడ్డాయో అక్కడున్న అందరికీ కనిపించింది.

స్వప్న కళ్ళు తుడుచుకుని, నెమ్మదిగానే గానీ స్పష్టంగా చెప్పింది. "వస్త మామా. గని ఇప్పుడే రాను. డిగ్రీ పరీక్షలున్నయ్. రాసినంక వస్త. అప్పుడు మీరే వచ్చి తోలుకపోవాలె." శ్రీకాంత్ అప్పటిదాకా గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. వచ్చి ఆమె పక్కన కూర్చుని, పరీక్షలయ్యేదాకా తానూ కామారెడ్డిలోనే ఏదో పని చూసుకుంటానన్నాడు. చూసుకున్నాడు కూడా. ఏప్రిల్‌లో అన్న వెళ్ళి ఇద్దర్నీ తీసుకొచ్చాడు. మగ్గాలు మాత్రం ఇప్పటికీ నాలుగే ఆడుతున్నాయి.

ఆ సాయంత్రం పెద్దమ్మను సిరిసిల్ల రమ్మని అన్న ఎంతో బతిమాలాడు. ఆమె ఒప్పుకోలేదు. కోపంతో కాదు. "గా ఇంట్ల నాకేం ఉన్నది బిడ్డా? నెల దినాలు ఉన్న. నాందేడ్‌ల నాకు ఇల్లున్నది, బిడ్డలున్నరు, కుట్టే బొంత సగంల ఉన్నది" అంది.

రైలు ఎక్కించడానికి నేను వెళ్ళాను. బండి రావడానికి ఇంకా కొంచెం సమయం ఉంది. బెంచీ మీద కూర్చుని అడిగింది. "మీ నాయినమ్మ ఫొటో ఏమన్న ఉన్నదా?"

ఉందన్నాను. మా నాయన పెళ్ళినాడు తీసినది ఒకటి.

"ఒకటి తీయించి పంపు. ఆఖరి దినాలల్ల మీ పెద్దనాయినకు తల్లి మొహం యాదికి రాకపాయె. కండ్లు మూసుకుని సూత్తుండె, కానత్తలేదు అంటుండె. ఆయన ఫొటో పక్కన పెడ్త."

మర్నాడే సిరిసిల్లలో ఆ ఫొటోకు కాపీ తీయించి నాందేడ్‌కు పంపాను.